పడుకుని తొక్కే సైకిలుకు మోటారు

అది 2007. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద నాకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారులోని రాగితీగ చుట్లన్నీ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్లీ తిరిగేట్టు చేయడం. తొంభైల నుంచి మా పక్క బోర్లు లోతుకు పోయేకొద్దీ, కరెంటు వోల్టేజి పడిపోయేకొద్దీ నాకు పని పెరుగుతూ వచ్చింది. ఎండాకాలంలో షాపు ముందర కాలిన బోరు మోటార్లు చెరుకు గడల్లా ఆనించి ఉండేవి. ఇన్నేళ్లలో ఎన్ని మోటార్లు విప్పానో లెక్కలేదు. వాటిలో ఏదీ విడిగా గుర్తులేదు. గుర్తున్నది ఒక సైకిలు మోటారు.

ఆ సైకిలు తెచ్చినాయన వెంకటరమణప్ప. పశువుల ఆసుపత్రిలో లైవ్‌స్టాక్ అసిస్టెంటు, అంటే పశువైద్యుడి కింద పనిచేసే ఉద్యోగి. ఊరూరా తిరిగి ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం, గొర్రెలకు టీకాలు వేయడం, ఈనలేక అవస్థపడే ఆవు కడుపులోంచి దూడను బయటికి తీయడం ఆయన పని. ఉద్యోగం పేరు అసిస్టెంటే గానీ పల్లెల్లో అందరికీ ఆయనే డాక్టరు. యాభై మూడేళ్ల వయసు, ఆరడుగుల మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఒకరోజు పొద్దున ఆయన, ఆయన భార్య సుబ్బరత్నమ్మ గూడ్స్ ఆటోలో వచ్చారు. ఆటోలో దుప్పటి కప్పిన వస్తువేదో ఉంది. నలుగురం కలిసి దించాం.

“రెడ్డెప్పా, దీనికి మోటారు పెట్టాల” అన్నాడు ఆయన.

దుప్పటి తీసి చూశాను. చక్రాలు రెండే. ముందుది చిన్నది, వెనకది పెద్దది. సీటు మోకాలెత్తున ఉంది, వాలుకుర్చీలా వెనక్కి వాలిపోయి ఉంది. పెడళ్లు ముందు చక్రానికీ ముందర, గాలిలో ఉన్నాయి. హ్యాండిలు గుండెల దగ్గరికి వచ్చేట్టు పొడుగ్గా వంగి ఉంది.

“ఇదేంది సార్, దీనిమింద ఎట్ల కూర్చుంటారు?”

“కూర్చునేది లేదప్పా. పండుకునేదే.”

“ఇంట్లో పండుకునేది సాలక ఈయనకు రోడ్డుమింద గూడా పండుకోవాలంట” అంది సుబ్బరత్నమ్మ.

దాని కథ ఆయన నిదానంగా చెప్పాడు. రెండేళ్ల కిందట ఎవరో డచ్చాయన ఆ సైకిలు మీద దేశమంతా తిరుగుతూ మదనపల్లె చేరి, అక్కడ కామెర్లతో పడిపోయాడు. కాస్త కోలుకున్నాక, ఇక తొక్కే ఓపిక లేక, సైకిలును లాడ్జి యజమానికి వదిలేసి విమానమెక్కి వెళ్లిపోయాడు. దాన్ని తొక్కడం లాడ్జిలో ఎవరికీ చేతకాలేదు. మెట్ల కింద పడేశారు. ఆ యజమాని ఆవుకు వైద్యం చేయడానికి పోయినప్పుడు వెంకటరమణప్ప దాన్ని చూశాడు.

ఆయనకు అప్పటికే నడుములో డిస్కు జారి ఏడాది అయింది. నిలబడితే నొప్పి లేదు, పడుకుంటే నొప్పి లేదు. నిటారుగా కూర్చుని గుంతల్లో అదురుతూ పోతే మాత్రం ప్రాణం పోయేంత నొప్పి. అంటే మోపెడ్ మీద పోలేడు, మామూలు సైకిలు మీద పోలేడు, పల్లె బస్సులో పోలేడు. లాడ్జి మెట్ల కింద ఉన్న ఆ సైకిలు మీద ఒకసారి పడుకుని చూశాడట. వీపు మొత్తం సీటుకు ఆనింది. లాడ్జి చుట్టూ పది చుట్లు తిరిగినా నడుము కలుక్కుమనలేదు. యజమాని సంతోషంగా ఇచ్చేశాడు, మెట్ల కింద జాగా ఖాళీ అవుతుందని.

“మరింక మోటారు యాల సార్?”

“మన పక్క అంతా ఎత్తూ పల్లమూ గదప్పా. ఎత్తు వస్తే మామూలు సైకిలయితే నిలబడి తొక్కొచ్చు. పండుకున్నోడు యాడ నిలబడతాడు?”

ఆ తరువాత అసలు సంగతి బయటపడింది. నడుము బాగాలేదు కాబట్టి పల్లెలు తిరిగే పని మాన్పించి, కుప్పంలో ఉన్న ఆఫీసుకు మార్చాలని పైనుంచి మాట వచ్చిందట.

“ఫైళ్లు సూసుకోమంటాండారు రెడ్డెప్పా. ముప్పై ఏళ్లుగా ఆవుల్ని సూసినోణ్ని. ఫైలుకు ఎద రాదు, ఫైలు ఈనదు. నేనాడ కూర్చుని ఏం చేసేది?”

ఆయన ఆ మాట నవ్వించడానికి అనలేదు. మొహం చూస్తే తెలిసింది. నేను మాత్రం నవ్వు ఆపుకోవడానికి తల దించి సైకిలు చెయిను చూశాను.

“స్పీడెంత కావాల సార్?” అని అడిగాను. మోటారు మెకానిక్కు మొదట తోచే ప్రశ్న అదే.

“స్పీడు ఒద్దప్పా. పోయి చేరితే సాలు.”

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. అప్పటికే నా తలలో స్పీడు తిరుగుతూ ఉంది.

ఆ రోజుల్లో సైకిలుకు మోటారు పెట్టే కిట్లు బెంగుళూరులో అప్పుడప్పుడే దొరుకుతున్నాయి. కిట్‌లో నాలుగు వస్తువులు ఉంటాయి. హబ్ మోటారు, అంటే చక్రం నడిమధ్యలో ఇమిడిపోయే గుండ్రటి మోటారు. కంట్రోలరు, అంటే బ్యాటరీ కరెంటును మోటారుకు కొలిచి పంపే డబ్బా. థ్రాటిల్, అంటే స్కూటరులో లాగా కుడిచేత్తో తిప్పే పిడి. ఇక బ్యాటరీలు. బెంగుళూరులో ఒక షాపులో మోటారు ఉంది, కంట్రోలరు లేదు. ఇంకో షాపులో కంట్రోలరు ఉంది, మోటారు లేదు. రెండు షాపుల్లో కొని తెచ్చాను. ఇద్దరూ ఇది దానికి సరిపోతుందనే చెప్పారు.

కిట్ మోటారుకు వచ్చిన రిమ్ము డచ్చాయన సైకిలుకు పట్టలేదు. మోటారునూ పాత రిమ్మునూ మదనపల్లెకు తీసుకుపోయి, అక్కడ చక్రాలకు పోకలు, అంటే స్పోకులు, బిగించడంలో పేరున్న ఒక ముసలాయనకు ఇచ్చాను. ఆయన మోటారును చేతిలో పట్టుకుని బరువు చూశాడు.

“ఇది సైకిలుకా, తిరగలికా?” అని అడిగి, నేను జవాబు చెప్పేలోపలే పని మొదలుపెట్టాడు. సాయంత్రానికి వెంట్రుకవాసి వంకర లేకుండా చక్రం నా చేతికి ఇచ్చాడు.

షాపులో సైకిలును తలకిందులుగా నిలబెట్టి వైర్లు కలిపాను. ఇలాంటి మోటారుకు లావు తీగలు మూడు, సన్న తీగలు అయిదు. రంగుకు రంగు కలపడమే అన్నాడు షాపువాడు. కానీ మోటారు ఒక కంపెనీది, కంట్రోలరు ఇంకో కంపెనీది కదా, రంగులు ఒకదానికొకటి పొంతన లేవు. ఒకలా కలిపితే మోటారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఇంకోలా కలిపితే మూలిగింది. రెండు రోజులు అన్ని రకాలుగా మార్చి మార్చి కలిపాక, ఒక కలయికకు చక్రం వెన్నలాగా తిరిగింది. నాకు పట్టరాని సంతోషం. అదే ఖాయం చేసి, టేపు చుట్టేసి, వెంకటరమణప్పకు కబురు పంపాను.

భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన రోడ్డు పక్కన సైకిలు మీద పడుకుని, కాళ్లు పెడళ్ల మీద పెట్టి, నన్ను చూసి తల ఊపాడు. నేను ఎదురుగా నిలబడి, “తిప్పండి సార్” అన్నాను.

తిప్పాడు. సైకిలు కదిలింది. ఆయన మొహం మాకేసే ఉంది, కానీ చిన్నదవుతూ పోతోంది. వెనక చక్రం వెనక్కి తిరుగుతూ చెయినును లాగుతోంది, చెయిను పెడళ్లను లాగుతోంది, పెడళ్ల మీది కాళ్లు వాటంతట అవే వెనక్కి తొక్కుతున్నాయి. కంగారులో పిడి మీద చెయ్యి బిగుసుకుపోయింది.

“రెడ్డెప్పా, ఇది ఎనక్కి పోతాండాది” అన్నాడు, వాన వస్తోందని చెప్పినంత మామూలుగా.

అలాగే మమ్మల్ని చూస్తూ చూస్తూ రోడ్డు దాటి, ఎదుటి హోటల్ ముందర బోర్లించిన ఇడ్లీ ప్లేట్లలోకి పోయి ఆగాడు. ప్లేట్లు దొర్లిన చప్పుడు బజారంతా వినిపించింది. హోటలాయన గల్లాపెట్టె మీదుగా వంగి కిందికి చూశాడు.

“ఏం సార్, టిఫినా, కాఫీయా?”

“కాఫీ” అన్నాడు వెంకటరమణప్ప, పడుకునే.

తలకిందులుగా పెట్టిన సైకిలులో చక్రం ముందుకు తిరిగినట్టు కనిపిస్తే అది నిజానికి ఎటు తిరిగినట్టు? అంతకాలం మోటార్లతోనే బతికినవాణ్ని ఆ చిన్న లెక్క తప్పాను. లావు తీగల్లో రెండింటినీ, వాటికి సరిపోయే సన్న తీగల్లో రెండింటినీ తారుమారు చేస్తే గంటలో సరిపోయింది. సుబ్బరత్నమ్మ మాత్రం ఆ తరువాత నెలరోజులు కనిపించినప్పుడల్లా, “ఏమప్పా, ముందుకు పోయే మోటార్లు గూడా చేస్తాండావా?” అని అడిగేది.

సైకిలు ముందుకు పోవడం మొదలయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఆరడుగుల మనిషి వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, చప్పుడు లేకుండా వీధి వెంబడి కదిలిపోతుంటే చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది? మొదటిరోజు బజారులో ఒక పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టాడు. పూలమ్మే ఆమె, “ఎవురమ్మా పోయింది?” అని పక్కామెను అడిగింది. అంతలో వెంకటరమణప్ప తల తిప్పి, “మీ ఎనుముకు జ్వరం తగ్గిందా?” అని ఆమెనే అడిగాడట. పూలగంప అక్కడే వదిలేసి ఆమె ఇంట్లోకి పోయిందని చెప్పుకున్నారు.

లారీవాళ్లది ఇంకో కష్టం. అంత కింద ఉన్న సైకిలు వాళ్లకు కనిపించదు. అందుకని సీటు వెనక పొడుగాటి సన్న పైపు నిలబెట్టి, దానికి ఎర్రగుడ్డ కట్టాను. రెండో రోజే ఆయన తిరిగి వచ్చాడు.

“పల్లెలో నన్ను ఒక పార్టీవోడు అంటాండారప్పా. గవర్మెంటు ఉద్యోగిని, ఇది బాగుండదు.”

పసుపు గుడ్డ కట్టాను. అది ఇంకో పార్టీ అయింది. ఎదుటి పార్టీ రైతు ఒకాయన తన ఆవును చూపించనన్నాడట. పచ్చది కట్టబోతే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. చివరికి సుబ్బరత్నమ్మ తన పాత చీరలోంచి పెద్ద పెద్ద పూలున్న ముక్క చించి తెచ్చింది.

“ఇది యా పార్టీదీ కాదు. నాది” అంది.

ఆ గుడ్డతో ఆయన రోజూ పల్లెలకు పోయి రావడం మొదలుపెట్టాడు. దగ్గరి ఊర్లు, ఒక్కో పక్కకు నాలుగైదు కిలోమీటర్లు. అంతా బాగుందనుకుంటుండగా కుప్పం నుంచి కాగితం వచ్చింది. ఫలానా రోజు పదకొండు గంటలకు పై అధికారి ముందర హాజరై, పల్లెలు తిరిగే ఓపిక ఉందో లేదో చెప్పుకోవాలి.

“బస్సులో పోతే అదురుకు ఆడ నిలబడలేను. కారులో పోతే, కారులో వచ్చినోడు పల్లెల్లో ఏం తిరుగుతాడంటారు. దీనిమిందనే పోతా” అన్నాడు ఆయన.

పుంగనూరు నుంచి కుప్పం తక్కువ దూరం కాదు. పలమనేరు మీదుగా, వెంకటగిరికోట మీదుగా పోవాలి. బ్యాటరీలు ఒకసారి చార్జి చేస్తే పాతిక కిలోమీటర్లకు మించి రావు. నా మోపెడ్ మీద రెండో జత బ్యాటరీలు పెట్టుకుని వెంట వస్తానన్నాను. నిజం చెప్పాలంటే నా పనితనం అంత దూరం పోతుందో లేదో చూసుకోవాలని నాకే ఆశగా ఉంది. మొదటిరోజు వెంకటగిరికోటలో సుబ్బరత్నమ్మ చెల్లెలి ఇంట్లో ఆగడం, రెండోరోజు పొద్దున కుప్పం చేరడం. సుబ్బరత్నమ్మ బస్సులో నేరుగా కుప్పం వచ్చి ఆఫీసు దగ్గర ఉంటానంది. “ఈయన నోరు తెరవడు. ఆడ మాట్లాడేదానికి ఒక మనిషి ఉండాల గదా” అంది.

మొదటిరోజు సాఫీగా సాగింది. పలమనేరు దగ్గర బ్యాటరీలు మార్చాం. ఎత్తుల్లో కూడా మోటారు ఎక్కడా మూలగలేదు. లారీ క్లీనర్లు కిందికి వంగి చూసి నవ్వుతూ చేతులూపారు. ఆయన ఒక్కొక్కరికీ తల ఊపి జవాబిస్తూ పోయాడు. నాకు గర్వంతో ఛాతీ పొంగింది. మధ్యమధ్యలో ఆయన కుడిచేతిని పిడి మీది నుంచి తీసి విదిలించడం చూశాను. ఈగల్ని తోలుతున్నాడనుకున్నాను.

రెండోరోజు వెంకటగిరికోట దాటి గంటన్నర పోయాక, రోడ్డు పక్కన ఒక రైతు చెయ్యి అడ్డం పెట్టి నా మోపెడ్‌ను ఆపాడు. పేరు మునెప్ప అని తరువాత తెలిసింది. ముందర పడుకుని పోతున్న వెంకటరమణప్పను చూసి, “ఏమైందప్పా ఆయనకు? యా ఆస్పత్రికి తీసుకపోతాండావు?” అన్నాడు.

“ఆయనకేం కాలేదు. పశువుల డాక్టరు ఆయన.”

మునెప్ప మొహం మారిపోయింది. “దేవుడు పంపించినట్టు వచ్చినారు సామీ. మా ఆవు పొద్దున్నుంచీ ఈనలేక కొట్టుకుంటాండాది. ఈ పక్క డాక్టరు ఇంకో ఊర్లో ఉండాడంట, వచ్చేదానికి మద్యానం అయితాదంట.”

నేను గడియారం చూసుకున్నాను. తొమ్మిదిన్నర దాటింది. వెంకటరమణప్ప గడియారం చూడలేదు. “యాడుంది?” అని మాత్రం అడిగాడు.

కొట్టంలో ఆవు పక్కకు పడి ఉంది. కళ్లు పైకి పోయి ఉన్నాయి. ఆయన చొక్కా విప్పి, చేతికి సబ్బు రాసుకుని, నేలమీద పక్కకు పడుకుని లోపలికి చెయ్యి పెట్టాడు. కొంతసేపు కదలలేదు. తరువాత చెయ్యి బయటికి తీసి, వేళ్లకేసి చూసుకున్నాడు. మూసి తెరిచాడు. మళ్లీ మూసి తెరిచాడు.

“రెడ్డెప్పా, ఈ ఏళ్లకు ఏమీ తెలీడంలేదు. నిన్నట్నించి ఆ పిడి తిప్పి పట్టుకుని పట్టుకుని తిమ్మిరెక్కిపోయినాయి. ఎడమచేతికి ఈ పని అలవాటు లేదు. లోపల ఏది కాలో ఏది తలో తెలీకుండా లాగితే ఆవు సచ్చిపోతాది.”

ఇంకో ఊర్లో ఉన్న డాక్టరును పిలుచుకొద్దామని నేను లేచాను.

“నువ్వు రా” అన్నాడు.

“నేనా? నాకేం తెలుసు సార్?”

“మోటారులో తీగ దూర్చేటప్పుడు కంటితో సూసి దూరుస్తావా, ఏలితో సూసి దూరుస్తావా?”

“ఏలితోనే సార్. లోపల కనపడదు గదా.”

“అయితే రా.”

భుజం దాకా సబ్బు రాసుకుని నేలమీద పడుకున్నాను. లోపల అంత వేడిగా ఉంటుందని తెలియదు. ఆవు ముక్కినప్పుడల్లా నా చెయ్యి రోకలి కింద పడినట్టయింది.

“అది ముక్కినప్పుడు ఆగు. వదిలినప్పుడు పో” అంటున్నాడు ఆయన, నా చెవి పక్కనే కూర్చుని. “మొదట మెత్తగా తడిగా ఏం తగులుతాది?”

“ముక్కు మాదిరి ఉండాది సార్.”

“నోట్లో ఏలు పెట్టు.”

పెట్టాను. ఒక క్షణం ఏమీ లేదు. తరువాత ఆ చీకట్లోంచి ఏదో నా వేలు పట్టుకుని చీకింది.

“సార్, చీకుతాండాది” అన్నాను.

“అయితే బతికుండాది. బిన్నా కానీ, ఆలీసం చేయొద్దు.”

దూడ ముందరి కాలు ఒకటి సరిగ్గా వచ్చింది. రెండోది మోకాలి దగ్గర వెనక్కి మడిచిపోయి అడ్డం పడింది. ఆయన చెప్పినట్టే దూడను మెల్లగా లోపలికి తోశాను, మోకాలు వెతికాను, అక్కణ్నుంచి కిందికి జారి గిట్టను పట్టుకున్నాను. గిట్ట గీసుకుని గర్భసంచి చిరగకుండా దాన్ని అరచేతిలో మూసిపెట్టి ముందుకు తేవాలి. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి వచ్చింది. అది చోటులోకి వచ్చినప్పుడు, బిగుతైన గాడిలో తీగ చుట్ట కూర్చున్నట్టే చేతికి తెలిసింది. తరువాత రెండు కాళ్లకూ తాడు కట్టి మునెప్ప లాగాడు. దూడ జారి వచ్చి నా ఒళ్లో పడింది. పెయ్యదూడ.

మునెప్ప తల్లి వేన్నీళ్లు తెచ్చి మొదట నాకే ఇచ్చింది. “చల్లగుండు డాక్టరప్పా” అని నా తల నిమిరి, వెంకటరమణప్పకేసి తిరిగి, “పాపం, ఈ రోగిష్టాయన్ను గూడా తిప్పుతాండావే” అంది. ఆయన ఆమె ఇచ్చిన కాఫీ ఎడమచేత్తో పట్టుకుని తాగాడు.

మేము కుప్పం చేరేసరికి ఒంటిగంట. ఆఫీసు గేటు దగ్గర అధికారి నిలబడి ఉన్నాడు, పక్కన సుబ్బరత్నమ్మ. రెండు గంటలుగా ఆమె ఆయన్ను కదలనివ్వలేదని తరువాత తెలిసింది. ఇడ్లీ ప్లేట్ల సంగతీ, పార్టీ గుడ్డల సంగతీ మొత్తం చెప్పేసింది. భోజనానికి పోవాల్సిన మనిషి, ఆ సైకిలేదో చూసే పోతానని గేటు దగ్గరికి వచ్చాడట.

మమ్మల్ని చూడగానే ఆమె, “నేను చెప్పలే సార్? యాడో ఆవు అడ్డం వచ్చుంటాదని” అంది.

అధికారి మొదట వెంకటరమణప్ప శుభ్రమైన చొక్కాను చూశాడు. తరువాత భుజం దాకా ఎండిన మరకలతో ఉన్న నన్ను చూశాడు.

“మీలో అసిస్టెంటు ఎవరు?”

“నేను సార్. ఈయన మోటారు మెకానిక్కు.”

“మోటారు మెకానిక్కుకు ఆవుతో ఏం పని?”

నేను వెనకనుంచి వెంకటరమణప్ప చొక్కా పట్టి లాగాను. ఆవు ఈనిందని ఒక్కమాట చెప్తే చాలు, మిగతాది అక్కర్లేదు. ఆయన నా చెయ్యి విడిపించుకుని అంతా చెప్పాడు. చెయ్యి తిమ్మిరెక్కడం, వేళ్లకు తెలియకపోవడం, నన్ను పడుకోబెట్టడం, ఒక్కటీ దాచలేదు. సుబ్బరత్నమ్మ తల పట్టుకుంది.

“అంటే మీరు పోయి చేరారు గానీ, పని చేయలేకపోయారు” అన్నాడు అధికారి.

“అవును సార్. నడుము బాగుండాది. చెయ్యి పని చేయలేదు.”

అధికారి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “అబద్ధం చెప్పి ఉంటే ఈరోజే కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ని. నెల రోజులు టైమిస్తున్నా. ఆ చెయ్యి సంగతేదో చూసుకోండి” అన్నాడు. పోబోతూ ఆగి, “నేనొకసారి పడుకుని చూడొచ్చా?” అని అడిగాడు. పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అటెండరు ఫైలు తెచ్చి తలాపున నిలబడేదాకా లేవలేదు.

తిరుగు ప్రయాణంలో సైకిలునూ మోపెడ్‌నూ లారీకి ఎక్కించి, ఆయన్ను వెనక గడ్డి పరిచి పడుకోబెట్టాం. ఆయన నిద్రపోయాడు. నాకు మాత్రం మనసు మనసులో లేదు. మోటారు బాగుంది, కంట్రోలరు బాగుంది, వైర్లు బాగున్నాయి. నేను పెట్టిన వస్తువుల్లో ఏదీ చెడలేదు. అయినా ఆ కొట్టంలో ఆవు చచ్చిపోయి ఉంటే, దానికి సగం కారణం నేను. స్పీడు చేతిలో ఉండాలని, గట్టి స్ప్రింగు ఉన్న పిడిని ఏరికోరి పెట్టింది నేనే. ఆయన బతుకుతెరువు ఆ కుడిచేతి వేళ్లలో ఉంది. పోయి చేరడమంటే, చేరేసరికి ఆ వేళ్లు పనికొచ్చేట్టు ఉండటం.

షాపుకు వచ్చి థ్రాటిల్ పీకేశాను. ఇలాంటి మోటార్లకు పెడల్ సెన్సరని ఒక చిన్న వస్తువు పెట్టొచ్చు. అయస్కాంతాలున్న బిళ్లను పెడలు ఇరుసుకు బిగిస్తే, కాళ్లు తిరిగినప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, కాళ్లు ఆపితే ఆగుతుంది. చేత్తో పిడి తిప్పి పట్టుకునే పని లేదు. ఈ సైకిలులో పెడళ్లు ఒక కొసన, కంట్రోలరు ఇంకో కొసన ఉండటంతో తీగ చాల్లేదు. అతుకు వేస్తే వానకు తడిసి మొరాయించింది. అది సరిచేయడానికి వారం పట్టింది. చివర్లో హ్యాండిలుకు మెత్తటి స్పాంజి చుట్టాను.

నెల తరువాత అధికారి చెప్పకుండా పుంగనూరు వచ్చాడు. వెంకటరమణప్ప ఆసుపత్రిలో లేడు. పల్లెకు పోయాడన్నారు. జీపు వేసుకుని పోతే, పూల చీర ముక్క ఎగురుతున్న పైపు ఒక కొట్టం ముందర కనిపించిందట. లోపల ఆయన భుజం దాకా ఆవులో చెయ్యి పెట్టి ఉన్నాడు. అధికారి వాకిట్లోనే కాసేపు నిలబడి, పలకరించకుండా వెనక్కి పోయాడు. కుప్పం బదిలీ కాగితం మళ్లీ రాలేదు. వెంకటరమణప్ప రిటైరయ్యేదాకా ఆ సైకిలు మీదే తిరిగాడు. బ్యాటరీలు మూడుసార్లు మార్చాను. మోటారు ఒక్కసారి కూడా విప్పలేదు.

ఆ సైకిలు తరువాత నా షాపులో ఒక అలవాటు వచ్చింది. ఎవరు ఏ మోటారు తెచ్చినా, అది తిరిగాక మీరు చేసే పనేమిటని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఆ మధ్య ఒకామె గ్రైండరు తెచ్చి, పిండి రుబ్బడం ఆలస్యమవుతోంది, పెద్ద మోటారు వేయమంది. రుబ్బినాక ఏం చేస్తావమ్మా అని అడిగాను. “ఆ రాయి ఎత్తి కడగాల గదప్పా. దానికే భుజం పోతాండాది” అంది. పాత మోటారునే ఉంచి, రాయి ఎత్తే పని లేకుండా గ్రైండరు పక్కకు వంగేట్టు ఒక స్టాండు చేసి ఇచ్చాను.